బొమ్మల కోసం జపాన్: నకానో దుకాణాలు, నరుకో పనివారు, మధ్యలో కొన్ని గుళ్లు

జపాన్‌లో బొమ్మలు కొనాలనుకునేవారికి అందరూ ముందుగా చెప్పే పేరు టోక్యోలోని అకిహబారా. కొత్తగా విడుదలైన ఫిగర్లు (కార్టూను పాత్రల బొమ్మలు), ‘గుండం’ అనే రోబో కార్టూను సీరియల్ ప్లాస్టిక్ మోడళ్లు కావలసినవారికి ఆ సలహా సరైనదే. రేడియో కైకాన్ భవనంలో అద్దాల అరలు వరుసలు వరుసలుగా ఉంటాయి, ఆదివారం మధ్యాహ్నం ప్రధాన వీధిలో వాహనాలను ఆపివేస్తారు కాబట్టి నడవడం కూడా హాయిగా ఉంటుంది. అయితే పాత బొమ్మల కోసం వెతికేవారికి అక్కడ మంచి సరుకు మిగలడం అరుదు, మిగిలినదాని ధర కూడా యాత్రికుల రద్దీకి తగినట్లే ఉంటుందని నా అభిప్రాయం. వారు తమ సమయాన్ని అదే నగరంలోని నకానోకు కేటాయించుకోవడం మేలు.

టోక్యోలోని పెద్ద స్టేషను షింజుకు నుంచి చువో లైను రాపిడ్ రైలులో నకానో ఐదు నిమిషాల ప్రయాణం. స్టేషను ఉత్తర ద్వారం ఎదుట మొదలయ్యే కప్పు వేసిన బజారు నేరుగా నకానో బ్రాడ్‌వే అనే పాత భవనానికి చేరుస్తుంది. 1966లో కట్టిన ఈ భవనంలో కింది అంతస్తులు దుకాణాలు, పైవి నివాసాలు. పాత కామిక్ పుస్తకాల చిన్న దుకాణంగా 1980లో ఇక్కడ మొదలైన మందరాకే, నేడు ఇదే భవనంలో రేకు బొమ్మలకు ఒక గది, రోబోలకు ఒక గది, బొమ్మ రైళ్లకు ఒక గది అన్నట్లుగా విస్తరించింది. 1974 నాటి మజింగర్ జెడ్ లోహపు రోబో, 1984లో అమెరికాలో ట్రాన్స్‌ఫార్మర్స్‌గా పేరు మార్చుకున్న, రోబోలుగా మారే డయాక్లోన్ కార్లు, 1947–52 మధ్య తయారై అడుగున ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ (యుద్ధం తరువాత విదేశీ సేనల ఆక్రమణలో ఉన్న జపాన్) ముద్ర ఉన్న రేకు బొమ్మలు ఇక్కడ వెతకదగినవి.

అక్కడ నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది వస్తువుల కంటే అమ్మకందారుల నిజాయతీ. ఒక రేకు కారు పక్కనున్న చీటీలో పెట్టె లేదనీ, యాంటెన్నా విరిగిందనీ, బ్యాటరీ మూతకు తుప్పు పట్టిందనీ ముందే రాసి ఉంది. అడిగితే దుకాణదారు అర తాళం తీసి, కారును ట్రేలో పెట్టి, బోర్లించి, చీటీలో రాసిన ఒక్కొక్క లోపాన్నీ వేలితో చూపించి, మేము తలూపిన తరువాతే బిల్లు వేశారు. చీటీలను చదవడానికి ఫోనులోని అనువాద కెమెరా సరిపోతుంది. బేరమాడే అలవాటు అక్కడ లేదు. అడిగినా మర్యాదగా నవ్వుతారు, ధర మాత్రం తగ్గదు.

నకానోలో చాలా దుకాణాలు మధ్యాహ్నం పన్నెండుకు గానీ తెరవరు. ఇది తెలియక ఉదయమే వెళ్లినవారు మూసిన షట్టర్లను చూసుకుంటూ తిరగవలసి వస్తుంది. అందువల్ల ఉదయాలను గుళ్లకూ, మధ్యాహ్నాలను దుకాణాలకూ కేటాయించుకోవడమే సరైన పద్ధతి. సెతగయా ప్రాంతంలోని గోతోకుజి ఆలయం ఇందుకు చక్కగా అమరుతుంది. కుడి చెయ్యి ఎత్తి పిలిచే తెల్లని పిల్లి బొమ్మలను భక్తులు కోరిక తీరాక తెచ్చి ఇక్కడ వదులుతారు. వేలెడంత చిన్నవి మొదలుకొని మోకాలెత్తు వరకు, అవి అరల మీద కిక్కిరిసి ఉంటాయి. పెందలాడే వెళ్తే గుంపు ఉండదు. అక్కడి నుంచి ఒదాక్యు లైనులో షింజుకు వచ్చి, భోజనం చేసుకుని, దుకాణాలు తెరిచే వేళకు నకానో చేరవచ్చు.

పిల్లలతో వెళ్లేవారికి ఇకెబుకురోలోని గషపోన్ డిపార్ట్‌మెంట్ స్టోర్ ఒక గంట కాలక్షేపం. మూడు వేలకు పైగా ఉన్న యంత్రాలలో నాణేలు వేసి మర తిప్పితే లోపల బొమ్మ ఉన్న ప్లాస్టిక్ బంతి పడుతుంది; ఒక్కో బంతి ఎక్కువగా 300–500 యెన్‌లు, అంటే మన లెక్కలో ఒకటి రెండు వందలు దాటుతుంది కాబట్టి ఎన్ని తిప్పాలో ముందే పిల్లలతో ఒప్పందం చేసుకోవాలి. నగర శివార్లలోని హార్డ్ ఆఫ్, బుక్ ఆఫ్ వంటి పాత సామాన్ల దుకాణాలలో ‘జంక్’ అని రాసిన బుట్టలను విడిచిపెట్టకూడదు. గీతలు పడిన తొమికా అనే చిన్న బొమ్మ కార్లు అక్కడ చవగ్గా దొరుకుతాయి, కానీ జంక్ సరుకును తిరిగి తీసుకోరు.

టోక్యో నుంచి షింకన్‌సెన్ బుల్లెట్ రైలులో గంటలోపు దూరంలో ఉన్న తకసాకి, దారుమా బొమ్మల ఊరు. దక్షిణ భారతం నుంచి చైనాకు వెళ్లాడని చెప్పే బోధిధర్ముడే అక్కడ కాళ్లూ చేతులూ లేని ఎర్రని కాగితపు గుజ్జు బొమ్మ అయ్యాడు. కోరుకున్నప్పుడు ఒక కన్ను, నెరవేరాక రెండో కన్ను దిద్దుతారు. షోరిన్‌జాన్ దారుమా గుడి దగ్గర పని ముగిసిన బొమ్మలు గుట్టలుగా కనిపిస్తాయి. చూడదగిన చోటే, అయితే ఒక పూట చాలు.

నా మట్టుకు ఈ యాత్రలో అన్నిటికంటే విలువైన చోటు మియాగి ప్రాంతంలోని నరుకో వేడినీటి బుగ్గల ఊరు. టోక్యో నుంచి ఒక్క రోజులో వెళ్లి రావడం సాధ్యమే గానీ హడావుడి అవుతుంది. సెందాయ్ నగరంలో బస చేసి, ఫురుకవా వరకు షింకన్‌సెన్‌లో, అక్కడి నుంచి చిన్న రైలులో వెళ్లడం నయం. ఆ చిన్న రైళ్లు తక్కువ కాబట్టి తిరుగు ప్రయాణం వేళ చూసుకోకుండా స్టేషను దాటకూడదు. దిగగానే గంధకం వాసన ముక్కుకు తగులుతుంది. ఇక్కడ చేసేవి కొకెషి బొమ్మలు: తెల్లని మిజుకి కర్రతో చేసిన, చేతులు లేని ఆడపిల్ల రూపాలు.

ఒక పనిశాల గుమ్మంలో నిలబడి పని చూడనిచ్చారు. లేతు మీద మొండెం గిరగిర తిరుగుతూ ఉండగా పనివాడు విడిగా చేసిన తలను దాని మెడ గుంటలోకి బలంగా అదిమాడు. రాపిడికి సన్నని పొగ వాసన వచ్చింది, తల టక్కున కూర్చుంది. ఆ తరువాత తలను తిప్పితే బొమ్మ కీచుమంటుంది. నరుకో కొకెషికి అదే ఆనవాలు. ఏటికొప్పాక లక్క బొమ్మల తయారీ చూసినవారికి ఇదంతా పరిచయమైన పనిలాగే అనిపిస్తుంది. మనవాళ్లు తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీని ఒత్తిపెట్టి, ఆ వేడికి రంగును కరిగించి పూస్తారు. వీరు తిరుగుతున్న కర్రకు కుంచె ఆనించి వలయాలు గీసి, చేమంతి పూలు దిద్ది, చివర మైనం రుద్దుతారు. ఒకే యంత్రం, ఒకే ఒడుపు, రెండు వేర్వేరు అందాలు. ఊరి కొకెషి ప్రదర్శనశాల చలికాలంలో మూసి ఉంటుంది కనుక నెల చూసుకుని వెళ్లాలి.

ఒసాకా వైపు వెళ్లేవారికి హిమెజి ఉంది. 1609 నాటి తెల్లని కోటను చూసి చాలామంది అక్కడి నుంచే వెనుదిరుగుతారు. బాంతాన్ లైనులో కొంచెం ముందుకు వెళ్లి కోరో స్టేషనులో దిగితే, గోదాముల వంటి తెల్ల గోడల ఇళ్లలో జపాన్ బొమ్మల ప్రదర్శనశాల కనిపిస్తుంది. కోట మెట్లు నిటారుగా ఉంటాయి, చెప్పులు విప్పి ఎక్కాలి. పెద్దవారు వెంట ఉంటే ప్రదర్శనశాలకే మొగ్గు చూపమంటాను.

బస విషయానికి వస్తే, టోక్యోలో ఉయెనో దగ్గరి బిజినెస్ హోటళ్లు రైళ్లకు అనుకూలం, గదులు మాత్రం అగ్గిపెట్టెలు. మేము దిగిన ఒక హోటలులో రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవడం కుదరక, కొన్న బొమ్మల పెట్టెలను స్నానాల తొట్టిలో పేర్చవలసి వచ్చింది. మన తిండి లేకుండా ఉండలేనివారు భారతీయులు ఎక్కువగా నివసించే నిషి కసాయిలో దిగవచ్చు. శాకాహారులకు అసలు ఇబ్బంది చేపతో కాచిన దాషి రసంతోనే. కూరగాయల వంటకంలో కూడా అది ఉంటుంది. ఉమెబొషి (ఊరబెట్టిన పుల్లని పండు) లేదా కొంబు (సముద్రపు నాచు) పెట్టిన అన్నపు ముద్దలు మేలు, కాకపోతే కొన్ని రకాలలో దాషి కలుపుతారు కాబట్టి చీటీ చదివి కొనాలి. సెందాయ్‌లో పచ్చి సోయా గింజలు నూరి చేసే తీపి జుందా మోచి తప్పక తినవలసినది.

యాత్రికులు జేఆర్ రైళ్లలో తిరగడానికి కొనే ఏడు రోజుల జేఆర్ పాస్ ధర 2023 అక్టోబరులో 29,650 నుంచి 50,000 యెన్‌లకు పెరిగింది. టోక్యోలోనే ఎక్కువ కాలం ఉండి నేను చెప్పినట్లు ఒకటి రెండు ఊళ్లకు మాత్రమే వెళ్లేవారికి ఆ డబ్బు గిట్టదు, విడి టికెట్లే చవక. దాచుకున్న సొమ్మును నల్ల పిల్లి గుర్తు సామాను రవాణా సేవకు ఖర్చు పెట్టండి. హోటలు కౌంటరులో పెట్టె అప్పగిస్తే సాధారణంగా మర్నాటికి తరువాతి ఊరి హోటలుకు చేరుతుంది. ఒకే దుకాణంలో ఒకే రోజు పన్ను కాకుండా 5,000 యెన్‌లకు తగ్గకుండా కొంటే పది శాతం పన్ను మినహాయింపు ఉంటుంది, పాస్‌పోర్టు చూపాలి. 2026 నవంబరు 1 నుంచి ముందు పన్ను కట్టి, దేశం విడిచేటప్పుడు వాపసు పొందే పద్ధతి అమలులోకి వస్తుంది. చిన్న దుకాణాలు చాలావాటికి ఈ సదుపాయం ఉండదు.

విమానానికి సర్దేటప్పుడు పాత బొమ్మలలోని బ్యాటరీలను తీసివేయాలి, మోడళ్లకు వేసే స్ప్రే రంగులను అసలు కొనకూడదు, నిజమైన తుపాకీలా కనిపించే బొమ్మ తుపాకీ ఎంత ముచ్చటగా ఉన్నా అక్కడే వదిలేయాలి. రేకు బొమ్మలూ కొకెషిలూ చేతి సంచిలో, ప్లాస్టిక్ కిట్లు బట్టల మధ్య పెద్ద పెట్టెలో పెట్టుకోవచ్చు.