గురి కుదరాల్సింది ముందు కంటికి: పిస్తోలు సైట్లతో నా పదిహేనేళ్లు

పదిహేనేళ్లుగా కాల్పుల సాధన చేసే రేంజిలో కాగితపు టార్గెట్ల మీద పిస్తోలు కాలుస్తున్నాను. గురి చూసేందుకు పిస్తోలు పైన ఉండే అమరికే సైటు. ఈ కాలంలో మూడు తెల్ల చుక్కల సైట్లు, ఏ గుర్తూ లేని నల్ల సైట్లు, ఫైబర్ ఆప్టిక్, ట్రిటియం, చివరికి రెడ్ డాట్ కూడా వాడాను. ఏ సైటు కొనాలని కొత్తవాళ్లు అడిగినప్పుడు నేను ముందుగా అడిగేది పిస్తోలు గురించి కాదు. "మీ కళ్లద్దాల నంబరు ఎంత?" అంటాను. చాలామంది వింతగా చూస్తారు. కానీ నేను సైట్ల మీద పోసిన డబ్బులో సగం వృథా అయింది ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోకపోవడం వల్లే.

నా మొదటి పిస్తోలు మూడు తెల్ల చుక్కలతో వచ్చింది. వెనుక రెండు, ముందు ఒకటి. మూడూ ఒకే వరుసలోకి తెస్తే చాలనిపించింది. పది మీటర్ల దగ్గర ఇబ్బంది తెలియలేదు. పాతిక మీటర్లకు వెళ్లాక రంధ్రాలు నిలువునా చెదిరిపోయేవి. మా రేంజిలో ఒక పెద్దాయన ఉండేవారు. రెండు రోజులు నా వెనుక నిలబడి చూసి, మూడో రోజు జేబులోంచి నల్ల మార్కరు తీసి, "పిస్తోలు ఖాళీ చేసి బల్ల మీద పెట్టు బాబూ" అన్నారు. మూడు చుక్కలనూ నల్లగా పూసేశారు. "చుక్కలు చూడకు. ముందు సైటు పై అంచు చూడు. వెనుక సైటు పై అంచుతో అది సమంగా ఉండాలి. రెండు పక్కలా వెలుతురు సమానంగా కనపడాలి. అంతే." ఆ రోజే గ్రూపు, అంటే టార్గెట్ మీద పడ్డ రంధ్రాల గుంపు, నిలువు చెదురు తగ్గింది.

కారణం తర్వాత అర్థమైంది. చుక్క ఉన్నచోట కన్ను చుక్క మధ్యకు పోతుంది. అంచు గీసినట్టు ఉంటుంది కాబట్టి వెంట్రుకవాసి తేడా కూడా పట్టిస్తుంది. చుక్క ఒక తెల్ల మచ్చ. అది కాస్త పైకో కిందికో జరిగినా కన్ను క్షమించేస్తుంది. పైగా చుక్కల వరుస, అంచుల వరుస కచ్చితంగా కలవని సైట్లు ఎన్నో ఉన్నాయి. అప్పుడు షూటరు ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని నమ్ముతాడు.

ఆ వెంట్రుకవాసి విలువ ఎంతో ఒక్కసారి లెక్క వేసి చూడండి. నా పిస్తోలులో ముందు సైటుకూ వెనుక సైటుకూ మధ్య దూరం 160 మిల్లీమీటర్లు. ముందు సైటు వెనుక గాడిలో 1 మిల్లీమీటరు పక్కకు జరిగి ఉండగా కాలిస్తే, 25 మీటర్ల దగ్గర తూటా సుమారు 156 మిల్లీమీటర్లు పక్కకు పడుతుంది. అంతర్జాతీయ పోటీల్లో వాడే 25 మీటర్ల ప్రెసిషన్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లే. అంటే ఒక్క మిల్లీమీటరు మనల్ని పది నుంచి నాలుగుకు దించేస్తుంది. అదే చేయి మొత్తంగా, సైట్లు రెండూ కలిసి, ఒక మిల్లీమీటరు పక్కకు ఊగితే టార్గెట్ మీద తేడా కూడా ఒక మిల్లీమీటరే. చేతి ఊపుకు భయపడి ట్రిగ్గరును గుంజేవాళ్లు ఈ రెండింటి మధ్య తేడా తెలియకే గుంజుతారు. ఊపు ఉండనీయండి. సైట్ల పొందిక చెడకుండా చూసుకోండి.

ఈ పని నేర్పడంలో నల్ల సైట్లకు సాటి లేదు. వెనుక చదరపు గాడి, ముందు చదరపు కమ్మి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ప్యాట్రిడ్జ్ అనే అమెరికన్ షూటరు పేరు మీద వచ్చిన ఈ ఆకారం ఇప్పటికీ టార్గెట్ పిస్తోళ్ల మీద మారలేదు. కొనేటప్పుడు చూడాల్సింది ముందు సైటు పక్కన కనిపించే వెలుతురు సందు. సందు మరీ సన్నగా ఉంటే నెమ్మదిగా కాల్చేటప్పుడు బాగుంటుంది కానీ, వేగంగా కాల్చేటప్పుడు కన్ను దాన్ని వెతుక్కోవాలి. వెడల్పుగా ఉంటే దొరకడం తేలిక, సమంగా ఉంచడం కష్టం. నేను వెనుక సైటు పలకను రెండుసార్లు మార్చాక, ఒక్కో పక్క సందు ముందు సైటు వెడల్పులో మూడో వంతు కనిపించే కొలత దగ్గర ఆగాను. నా చేయి పొడవుకు అది సరిపోయింది. మీ చేయి పొడవు వేరైతే కొలతా మారుతుంది. ఎండలో కమ్మి మెరిస్తే దాని అంచు కరిగిపోయినట్టు కనిపిస్తుంది. అందుకు మసి పట్టించడం పాత పద్ధతి. నేను ఇప్పటికీ అదే చేస్తాను.

అంతర్జాతీయ ఎయిర్ పిస్తోలు, 25 మీటర్ల పిస్తోలు పోటీలే మీ లక్ష్యమైతే ఎంపిక గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. అక్కడ నిబంధనల ప్రకారం తెరిచిన సైట్లే, అంటే లెన్సు గానీ రెడ్ డాట్ గానీ లేనివే, వాడాలి. లెన్సు షూటరు ముఖం మీద ఉండవచ్చు, పిస్తోలు మీద ఉండకూడదు.

నలభై మూడో ఏట నా స్కోరు పడిపోవడం మొదలైంది. ట్రిగ్గరు మార్చాను, పిడి మార్చాను, తూటాలు మార్చాను. రెండు నెలలు అలాగే గడిచాయి. ఒక సాయంత్రం ముందు సైటు పై అంచు రెండు గీతలుగా కనిపించింది. చేతికి ఏమీ కాలేదు. దగ్గరి చూపు మందగించింది. ఎవరి కన్నయినా ఒకేసారి వెనుక సైటు, ముందు సైటు, టార్గెట్ మూడింటినీ స్పష్టంగా చూడలేదు. ఎంచుకోవాల్సింది ముందు సైటును. నా కన్ను ఆ దూరానికే చేరలేకపోతోంది.

కళ్ల పరీక్షకు పిస్తోలు తీసుకెళ్లలేం కదా. కంటి నుంచి ముందు సైటు వరకు టేపుతో కొలిచాను. 78 సెంటీమీటర్లు వచ్చింది. ఒక అట్టముక్క మీద ముందు సైటంత వెడల్పుతో నల్ల కాగితపు పట్టీ అతికించి పట్టుకెళ్లాను. "పుస్తకం చదవడానికి కాదండీ, ఇంత దూరంలో ఈ పట్టీ అంచు తేటగా కనపడాలి" అని చెప్పాను. దూరపు చూపు నంబరుకు 0.75 కలిపిన అద్దం ఇచ్చారు. టార్గెట్ కాస్త మసకబారింది, సైటు అంచు మళ్లీ గీత గీసినట్టు నిలిచింది. ఏ కొత్త సైటూ నాకు ఇవ్వలేని స్కోరును ఆ అద్దం తిరిగి ఇచ్చింది. సైటు మార్చాలనుకునే ప్రతి ఒక్కరూ ముందు ఇది చేయాలని నేను గట్టిగా చెబుతాను. అద్దానికి ఖర్చు పెట్టే ముందు సంగతి తేల్చుకోవాలంటే ఒక చిన్న మార్గం ఉంది. రక్షణ కళ్లద్దాల మీద నల్ల టేపు అతికించి, అందులో ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం చేసి చూడండి. చిన్న రంధ్రం గుండా చూస్తే దగ్గరా దూరమూ రెండూ తేటపడతాయి. అప్పుడు సైటు స్పష్టమైతే లోపం సైటుది కాదు.

ఫైబర్ ఆప్టిక్ రెండేళ్లు వాడాను. పక్కల నుంచి వెలుతురు తీసుకుని చివర చుక్కగా వెలిగించే ప్లాస్టిక్ పోగు అది. ఎండలో వేగంగా కాల్చేటప్పుడు ముందు సైటు పిలిచినట్టు కంటికి వస్తుంది. మిట్టమధ్యాహ్నం మాత్రం ఉబ్బి అంచును మింగేస్తుంది. అప్పుడు చుక్కతో గురి పెడితే ఒకచోట, అంచుతో పెడితే మరోచోట పడుతుంది. పోగు విరగడం మామూలే కాబట్టి విడి పోగులు సంచిలో ఉంచుకోవాలి. ముందు మాత్రమే పోగు, వెనుక ఉత్త నలుపు ఉన్న జతే తీసుకోండి.

ట్రిటియం గురించి ఎక్కువ చెప్పను. గాజు గొట్టంలోని ఈ వాయువు గొట్టం లోపలి పూతను బ్యాటరీ లేకుండా చీకట్లో వెలిగిస్తుంది. దాని అర్ధాయువు, అంటే సగానికి తరిగే కాలం, 12.3 ఏళ్లు కాబట్టి పాతది కొనేముందు తయారీ సంవత్సరం చూడాలి. రాత్రి విధుల్లో ఉండేవాళ్లకు అది పనికొస్తుంది. దీపాలున్న రేంజిలో నాకు ఏ లాభమూ కనిపించలేదు.

రెడ్ డాట్ నలభై ఆరో ఏట కొన్నాను. చిన్న అద్దం మీద ఎర్ర చుక్క కనిపిస్తుంది. కన్ను టార్గెట్ మీదే ఉంటుంది, చుక్క దాని మీద తేలుతుంది. సైటు దూరానికి చూపు సర్దుకునే బాధ పోయింది. మొదటి వారం మాత్రం చేయి ఎత్తితే చుక్కే కనపడేది కాదు. మామూలు సైట్లయితే కాస్త వంకరగా ఎత్తినా అంచులు దారి చూపిస్తాయి. ఇక్కడ మణికట్టు కొద్దిగా తప్పినా అద్దం ఖాళీ. తూటాలు వేరే గదిలో పెట్టి, పిస్తోలు ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, మూడు నెలలు రోజూ పది నిమిషాలు ఎత్తడం సాధన చేశాను. ఆ తర్వాతే చుక్క తనంతట తాను వచ్చి కూర్చోవడం మొదలైంది.

చుక్క పరిమాణాన్ని ఎంఓఏలో, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణంలో, చెబుతారు. 25 మీటర్ల దగ్గర 1 ఎంఓఏ అంటే సుమారు 7.3 మిల్లీమీటర్లు. నేను మొదట తీసుకున్న 6 ఎంఓఏ చుక్క అక్కడ 44 మిల్లీమీటర్లు కప్పేసేది, దాదాపు పది వలయమంతా. దగ్గరి దూరాల్లో వేగంగా కాల్చడానికి అది హాయి. కచ్చితత్వం కోసం 3 ఎంఓఏకు మారాను. చుక్క గుండ్రంగా కాకుండా నక్షత్రంలా, కామాలా కనిపిస్తే వెంటనే సైటును తిట్టకండి. తల పక్కకు వంచి చూడండి. తలతో పాటు ఆ ఆకారమూ తిరిగితే అది కంటి వంపులోని తేడా, ఆస్టిగ్మాటిజం. వెలుగు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. కొనేముందు మీ కంటితో చూడకుండా మాత్రం డబ్బు కట్టకండి.

రెడ్ డాట్‌తో ఒక చేదు అనుభవమూ చెప్పాలి. ఒక రోజు గ్రూపు కుడికి జరిగింది. సైటును ఎడమకు సరిచేశాను. మరుసటి వారం మరీ ఎడమకు పోయింది, మళ్లీ తిప్పాను. మూడోసారి సైటును వేళ్లతో పట్టుకుని కదిపితే సన్నగా కదిలింది. సైటు బిగించిన పిస్తోలు పై భాగం, అంటే స్లైడు, ప్రతి కాల్పుకూ వెనక్కి కొట్టుకుంటుంది, ఆ అదురుకు కింది పలక స్క్రూ వదులైంది. స్క్రూలకు పట్టు జిగురు వేసి, తయారీదారు చెప్పినంత బిగువుకే బిగించి, స్క్రూ తల మీది నుంచి పలక మీదికి గోళ్ల రంగుతో ఒక తెల్ల గీత గీశాను. గీత తెగితే స్క్రూ తిరిగినట్టే. ఇప్పుడు ప్రతిసారీ కాల్చే ముందు ఆ గీత చూస్తాను. బ్యాటరీ అయిపోయే వరకు ఆగకుండా ఏడాదికి ఒకసారి మారుస్తాను. వానలో కాల్చేవాళ్లు దీపం భాగం మూసి ఉన్న రకం తీసుకోవాలి. తెరిచి ఉన్న దాని మీద ఒక్క నీటి బొట్టు పడినా చుక్క చెదిరిపోతుంది.

కొత్తగా మొదలుపెట్టే వాళ్లకు, కళ్లు బాగుంటే, సర్దుబాటు చేసుకోగల నల్ల సైట్లే నా మాట. నా .22 తూటాల పిస్తోలు మీద ఇప్పటికీ అవే ఉన్నాయి. ఇటీవల యాభై ఎనిమిదేళ్ల ఒకావిడ మా రేంజిలో చేరారు. అలవాటుగా నల్ల సైట్లే చేతికిచ్చాను. ఐదు కాల్పుల తర్వాత పిస్తోలు బల్ల మీద పెట్టి, "ముందున్న కమ్మి నాకు పొగలా కనిపిస్తోందండీ" అన్నారు. రెడ్ డాట్ ఉన్న పిస్తోలు ఇచ్చాను. చాలాసేపు చుక్క కోసం వెతుక్కున్నారు. దొరికాక ఐదూ నల్ల వృత్తంలోనే పడ్డాయి. వచ్చే వారం ఆవిడ కళ్ల పరీక్షకు వెళుతున్నారు. నా అట్టముక్క ఇచ్చి పంపుతున్నాను. ఆవిడ చేయి నా చేయికన్నా పొట్టి, కాబట్టి దూరం మళ్లీ కొలిచి రాశాను: 66 సెంటీమీటర్లు.