కోలారు బంగారు గనుల ఒక్కరోజు యాత్ర: గైడుకు పూర్తి మార్కులు, ఏర్పాట్లకు సగమే

బెంగళూరులోని మారతహళ్లి నుంచి ఆదివారాలు తెలుగువారి కోసం నడిపే కోలారు బంగారు గనుల యాత్రకు గత నెలలో మా కుటుంబం నలుగురం వెళ్లివచ్చాము. మినీబస్సు, ఉదయం ఫలహారం, మధ్యాహ్న భోజనం, గైడు అన్నీ కలిపి తలకు 1,400 రూపాయలు తీసుకున్నారు. 'కరెంటు పుట్టినిల్లు చూడండి' అన్న ప్రకటనే నన్ను లాగింది గానీ, అందులోనే మొదటి పొరపాటు ఉంది. గనులకు అందిన ఆ కరెంటుకు పుట్టినిల్లు కావేరి ఒడ్డున జలవిద్యుత్ కేంద్రం ఉన్న శివనసముద్రం. కోలారు మెట్టినిల్లు మాత్రమే.

ఈ తేడాను గైడే, కోలారు యాస తెలుగులో, బస్సు కదిలిన పావుగంటకే చక్కగా విడమరిచి చెప్పాడు. బంగారురాయిని పిండి చేసే స్టాంపు మిల్లులకూ, గనుల్లోకి గాలిని నెట్టే కంప్రెసర్లకూ కరెంటు రాకముందు ఆవిరి యంత్రాలే ఆధారమనీ, వాటికి కట్టెలూ బొగ్గూ సమకూర్చడం గనుల యజమానులకు పెద్ద భారంగా ఉండేదనీ, కరెంటు కొనేవారు ముందే సిద్ధంగా ఉన్నందువల్లనే మైసూరు సంస్థానం శివనసముద్రం కేంద్రానికి అంత ఖర్చు పెట్టే ధైర్యం చేయగలిగిందనీ అతను వివరించాడు. ఈ పథకాన్ని ముందుకు నడిపిన మైసూరు దివాను శేషాద్రి అయ్యరు 1901లోనే కన్నుమూశారు. 1902 జూన్‌లో కరెంటు కోలారు చేరింది. ఒక్కొక్కటి 720 కిలోవాట్ల ఆరు యంత్రాల నుంచి వచ్చిన విద్యుత్తును 35,000 వోల్టులకు పెంచి, 147 కిలోమీటర్ల తీగల మీదుగా పంపారు. అంత వోల్టేజీ ఎందుకని మా అబ్బాయి అడిగితే, పంపే శక్తి అదే అయినప్పుడు వోల్టేజీని రెట్టింపు చేస్తే తీగలో ప్రవాహం సగమవుతుందని, వేడి రూపంలో పోయే నష్టం నాలుగో వంతుకు దిగుతుందని కాగితం మీద లెక్క వేసి చూపించాడు. బడిలో ఇలా చెప్పి ఉంటే నాకు ఆ పాఠం అప్పుడే ఎక్కేది. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది 1905 ఆగస్టులో. అంటే రాజధాని నగరం కంటే గనులే మూడేళ్లు ముందు.

చూపించిన చోట్లకు వస్తే ఇంత ఉత్సాహం కలగలేదు. గనులు 2001లో మూతపడ్డాయి, లోపలికి పోనివ్వరు. ఈ మాట ప్రకటనలో ఎక్కడా లేదు. షాఫ్టుల (గనిలోకి దిగే నిలువు బావుల) మీది ఇనుప గోపురాలను దూరం నుంచి చూపించి, సైనైడు దిబ్బల దగ్గర మాత్రం ఫొటోల కోసం గంటన్నర ఆపారు. రాతిపిండి నుంచి పాదరసానికి చిక్కని బంగారాన్ని సైనైడు ద్రావణంతో రాబట్టగా మిగిలిన మట్టి అది. 'కేజీఎఫ్' సినిమా వచ్చాక దానికి కొత్త గిరాకీ పుట్టినట్టుంది. నీడ లేదు, నీళ్ల సీసాలు చాలలేదు, గాలికి లేచిన దుమ్ముతో మా అమ్మ దగ్గుతూ బస్సులోనే కూర్చుండిపోయింది. భోజనం ఫరవాలేదు, చారు బాగుంది.

పెద్దవాళ్లతో వెళ్లేవారు దిబ్బల దగ్గర ఎంతసేపు ఆపుతారో ముందే అడిగి, మాస్కులూ టోపీలూ వెంట తీసుకెళ్లండి. శివనసముద్రానికీ యాత్ర మొదలుపెడతామని నిర్వాహకులు చెప్పారు. ఇదే గైడు వస్తే నేను మళ్లీ డబ్బు కడతాను, వేరేవారైతే కట్టను.