కీళ్లవాపుకు స్టెరాయిడ్ మాత్రా, వేగస్ నాడికి ప్రేరణా?

రోగనిరోధక వ్యవస్థే కీళ్లపై దాడిచేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో వాపును అణచడానికి వైద్యులు శరీరం సొంత దారులనే వాడుకుంటున్నారు: ఒకటి మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథుల హార్మోను (స్టెరాయిడ్ మాత్ర దాని రూపమే), రెండవది మెదడు నుంచి మెడ మీదుగా పొట్ట దాకా సాగే వేగస్ నాడి (దాన్ని చిన్న పరికరంతో విద్యుత్ ద్వారా ప్రేరేపిస్తారు).

వేగం: 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో వైద్యుడు ఫిలిప్ హెంచ్ బృందం కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చిన రోగి కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. నాడీ ప్రేరణ ఫలితానికి వారాలు, నెలలు పడుతుంది.

ఖర్చు: మాత్ర చవక. పరికరాన్ని మెడలో శస్త్రచికిత్సతో అమర్చాలి. అమెరికాలో దానికి అనుమతి వచ్చిందే 2025లో.

ముప్పు: స్టెరాయిడ్‌ను నెలల తరబడి వాడితే రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, పైగా హార్మోను బయటినుంచి అందుతుండడంతో అడ్రినల్ గ్రంథులు మందగిస్తాయి కనుక, మందుల షాపులో అడిగి కొనుక్కున్నంత సులువుగా దాన్ని హఠాత్తుగా మానేయడం కుదరదు. పరికరంతో గొంతు బొంగురుపోవచ్చు.

వాపు ఉధృతమైనప్పుడు, కొద్దికాలానికి, స్టెరాయిడే మేలు. రోగనిరోధక వ్యవస్థలో వాపు కలిగించే నిర్దిష్ట అణువులను, కణాలను అడ్డుకునే బయోలాజిక్ మందులకూ లొంగని వ్యాధికి రెండవ దారిని పరిశీలించవచ్చు.