కొక్కరె బెళ్లూరు: చింతచెట్లను గూడబాతులకు వదిలేసిన ఊరు

ఫిబ్రవరిలో అమ్మను తీసుకుని కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరు వెళ్లాను. అమ్మ పుట్టిల్లు టెక్కలి దగ్గర. చిన్నప్పుడు తేలినీలాపురంలో ఈ పక్షుల్ని చూస్తూ పెరిగింది. కారు ఊళ్లోకి తిరిగీ తిరగ్గానే, "ఓలమ్మ! ఇవి మన నీలాపురం కొంగలే!" అంటూ అద్దం దించేసింది.

అవును, అవే. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు. ఇక్కడ వాటి కోసం దుర్భిణీ పట్టుకుని వెతకక్కర్లేదు. వీధి పక్కన చింతచెట్టు, కింద పెంకుటిల్లు, వాకిట్లో కట్టేసిన ఆవు, పైన కొమ్మకొమ్మకీ గూళ్లు. తల్లి గొంతుసంచిలోకి పిల్ల మెడదాకా తల దూర్చి చేప లాక్కుంటుంటే ఒకరింటి అరుగు మీద కూర్చుని గంటసేపు చూశాం.

2007లో దీన్ని కమ్యూనిటీ రిజర్వుగా, అంటే ఊరివాళ్ల సొంత భూముల్లోనే పక్షులకు రక్షణ ఉండే చోటుగా ప్రకటించారు. కంచె లేదు, చెట్లు ఊరివాళ్లవే. గూళ్లున్న చెట్టుకి చింతకాయ దులపరు. అటవీ శాఖ పరిహారం ఇస్తుందట. అయినా అమ్మకు మనసాగక, "ఏడాది చింతపండు పోతే ఎలాగ?" అని అడిగింది. ఆ ఇంటి పెద్దావిడ కన్నడంలో చెప్పిన మాట నేను తెలుగు చేసి చెప్పాను: పురుడుకి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్ని పండు కోసం లేపేస్తామా? అమ్మ మరేం అనలేదు, ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఊళ్లో హెజ్జార్లె బళగ అని ఒక బృందం ఉంది. హెజ్జార్లె అంటే గూడబాతే. గూటిలోంచి జారిపడ్డ పిల్లల్ని తెచ్చి, చేపలు మేపి, పెంచి వదిలేస్తారు. చెట్ల కింద రాలిన రెట్ట పొలానికి ఎరువు.

నాకు కోపం తెప్పించింది మనలాంటి చూడొచ్చినవాళ్లే. పక్షులు లేస్తే ఫొటో బాగుంటుందని ఒకాయన చప్పట్లు కొట్టాడు. గూట్లో గుడ్లుంటాయండీ, ఎండకు మాడిపోతాయి. దయచేసి అలా చెయ్యకండి.

బెంగళూరు నుంచి పాత మైసూరు రోడ్డులో చన్నపట్న దాటాక, మద్దూరుకు ముందు రుద్రాక్షిపుర దగ్గర ఎడమకి తిరగాలి. అక్కణ్ణుంచి ఇంచుమించు 12 కిలోమీటర్లు. జనవరి నుంచి మే లోపు, పొద్దున్నే వెళ్లండి. తలకి తువ్వాలు తప్పనిసరి. నీచు వాసన ఉంటుంది, పది నిమిషాల్లో అలవాటవుతుంది.

నా లెక్కలో 5కి 5. ఏప్రిల్‌లో, పిల్లలు రెక్కలు విప్పే వేళకి, అమ్మతో మళ్లీ వెళ్తున్నాను.