ఏసీ75, ఐమోకా 60: కలగలుపు పడవల్లో ఏది మేలు?

గాలి తోపుకు తెరచాప పడవ పడిపోకుండా ఆపే దారులు ముఖ్యంగా రెండు. అడుగున సీసమో ఇనుమో నింపిన బరువైన రెక్క, అంటే కీల్‌ దించడం ఒకటి. కాటమరాన్‌లో లాగా రెండు సన్నటి పడవలను ఎడంగా పెట్టి కలపడం రెండోది. కీల్ పడవ ఎంత ఒరిగినా మళ్లీ లేవాలని చూస్తుంది, కానీ ఆ బరువంతా మోయక తప్పదు. కాటమరాన్ తేలిక, వేగం ఎక్కువ. అయితే ఒకసారి తలకిందులైతే అలాగే ఉండిపోతుంది.

ఈ రెంటినీ కలిపిన పడవల్లో ఏసీ75 చూడ్డానికి అద్భుతం. 2021లో ఆక్లాండ్‌లో జరిగిన తెరచాప పడవల పోటీ అమెరికాస్ కప్‌లో పోటీపడింది ఇవే. కీల్ ఉండదు. రెండు పక్కలా చేతుల్లాంటి కమ్ములు, వాటి చివర ఫాయిల్స్ అనే బరువైన రెక్కలు. ఒకటి నీటిలో ఉండి పడవను పైకి ఎత్తుతుంది. గాలి వచ్చే వైపుది నీటి పైన ఉండి, తన బరువుతో పడవను ఒరగనివ్వదు. వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటుతుంది. కానీ అదే ఏడాది జనవరిలో అమెరికన్ మ్యాజిక్ జట్టు పడవ 'పేట్రియాట్' బోల్తా పడి, చిల్లుపడి మునగబోయింది. మిగతా జట్లు కూడా చేయి వేస్తేనే నిలిచింది. అది రేవు దగ్గర కాబట్టి సరిపోయింది. నడిసముద్రంలో ఎవరొస్తారు?

నడిసముద్రపు రేసుల పడవ ఐమోకా 60 ఈ ప్రశ్నతోనే ఎదిగింది. 1996-97లో, ఒంటరిగా ఆగకుండా ప్రపంచాన్ని చుట్టే రేసు వాండే గ్లోబ్‌లో టోనీ బులిమోర్ అనే నావికుడి పడవ కీల్ విరిగి తలకిందులైంది. ఆయన్ను ఆస్ట్రేలియా నౌకాదళం కాపాడింది. ఆ రేసు తర్వాత, తిరగబడిన పడవ తిరిగి లేవగలగాలన్న నిబంధన గట్టిపడింది. అందుకే ఇందులో కీల్ ఉంది, పైగా 38 డిగ్రీల దాకా పక్కకు వాలుతుంది. కాటమరాన్‌కు వెడల్పు ఇచ్చే బలం దీనికి ఆ వాలు వల్ల వస్తుంది. దానికి తోడు ఫాయిల్స్. 2016-17లో ఫాయిల్స్ ఉన్న పడవ 74 రోజుల్లో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టింది. 2024-25లో నావికుడు షార్లీ దలాఁకు 64 రోజులే పట్టింది.

నా ఓటు ఐమోకాకే. తిరిగి లేచే గుణాన్ని వదులుకోకుండా వేగం తెచ్చుకుంది.

లోపాలూ పెద్దవే. నీటిలో తేలే వస్తువు తగిలితే ఫాయిల్ విరుగుతుంది. అలల మీద దూకుడుకు లోపలున్న మనిషి ఒళ్లు హూనం అవుతుంది. నాలుగున్నర మీటర్ల లోతు కావాలి కాబట్టి, కాటమరాన్ హాయిగా వెళ్లే లోతు తక్కువ తీరాలకు ఇది పోలేదు.

రేసు కాదు, ప్రయాణమే కావాలంటే ఈ రెండూ వద్దు. విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య మరో నలుగురు నేవీ మహిళలతో కలిసి 2017-18లో ప్రపంచాన్ని చుట్టిన 'తారిణి' మామూలు కీల్ పడవే. దక్షిణ సముద్రపు తుఫాన్లను తట్టుకుని గోవా చేరింది.