గంట కొట్టి ఆగిపోయే ఓవెన్‌తో నాలుగు శరత్తులు

ఈ ఓవెన్ గురించి నేను చెప్పదలచుకున్నదంతా దాదాపుగా ఒక్క మీట గురించే. ముందువైపున్న మూడు మీటల్లో అన్నిటికన్నా కిందది, టైమర్. దాన్ని తిప్పి వదిలేస్తే టిక్ టిక్‌మంటూ నెమ్మదిగా వెనక్కి వస్తుంది. సున్నా దగ్గరికి చేరగానే ఒకే ఒక్కసారి ఠంగుమని మోగుతుంది. ఆ మోతతోపాటే లోపలి కడ్డీలకు కరెంటు ఆగిపోతుంది. లీటర్లెన్ని, వాట్లెన్ని, ట్రేలెన్ని అన్నవి అట్టపెట్టె మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. నాలుగు శరత్కాలాలు దీనితో గడిపాక కూడా ఆ గంట విన్నప్పుడల్లా ప్రాణం హాయిగా ఉంటుంది. ఒక ఏడాది మాత్రం అదే గంట నన్ను నట్టేట ముంచింది. అది కూడా చెబుతాను.

ముందు నా పరిస్థితి చెప్పాలి, ఎందుకంటే నా మెచ్చుకోలంతా దాని మీదే నిలబడింది. ఉద్యోగం నుంచి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నర అవుతుంది. ఇద్దరు పిల్లలు. చిన్నదానికి స్నానం చేయించాలి, పెద్దవాడి లెక్కలు చూడాలి, రాత్రి భోజనం వండాలి. వారంలో రెండు రోజులు భోజనాలయ్యాక కూడా ఆఫీసు ఫోన్లు ఉంటాయి. ఇన్నిటి మధ్య కూడా ఆపిల్స్, బేరిపళ్లు, గుమ్మడికాయల కాలం వచ్చిందంటే నా చేతులు ఊరుకోవు. దాల్చినచెక్క, జాజికాయ, లవంగాల పొడి చల్లిన పండు ఓవెన్‌లో మగ్గుతుంటే వచ్చే వాసన కోసం ఏడాది పొడవునా ఎదురుచూస్తాను.

ఈ కాలపు తీపి వంటల్లో ఒక సుగుణం ఉంది. చేతిపని తక్కువ, ఓవెన్ పని ఎక్కువ. ఆపిల్ ముక్కలు కోసి పళ్లెంలో పరిచేందుకు పది నిమిషాలు చాలు, అవి ఉడికేందుకు మాత్రం ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంట నాది కావాలి, ఓవెన్‌ది కాకూడదు. మా పాత ఓవెన్‌కు టైమర్ లేదు. ఫోనులో అలారం పెట్టుకునేదాన్ని. కానీ అలారం మోగడం వేరు, ఓవెన్ ఆగడం వేరు. పాప తల నిండా షాంపూ ఉన్నప్పుడు అలారం మోగితే ఏం చేయాలి? పాపను తడిగా వదిలి పరుగెత్తాలి, లేదా ‘ఇంకో రెండు నిమిషాలే కదా’ అనుకోవాలి. ఆ రెండు నిమిషాలు ఎప్పుడూ ఎనిమిది అయ్యేవి. మాడిన అంచులు గీకి తీసిన కేకులు ఆ రోజుల్లో చాలానే తిన్నాం.

కొత్త ఓవెన్ వచ్చిన మొదటి వారంలోనే క్రంబుల్, అంటే పండు ముక్కల మీద వెన్న, మైదా రవ్వ చల్లి కాల్చే తీపి వంట చేశాను. మైదా రెండు వంతులు, వెన్న ఒక వంతు, చక్కెర ఒక వంతు తూకంలో తీసుకుని, చల్లటి వెన్నను మైదాలో వేళ్లతో నలిపి రవ్వలా చేయడమే పని. ఒక ఆదివారం ఉదయం కిలో మైదాకు సరిపడా కలిపి, సంచుల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టేస్తాను. మూడు నెలల వరకూ చెక్కుచెదరదు. వారం మధ్యలో ఏ రోజైనా ఆపిల్స్ కోసి, ఆ రవ్వను గడ్డకట్టినది గడ్డకట్టినట్టే పైన చల్లి ఓవెన్‌లో పెడతాను. నలభై నిమిషాలకు టైమర్ తిప్పి పిల్లల దగ్గరికి వెళ్లిపోతాను. ఆ మొదటి సాయంత్రం పాప ఒళ్లు తుడుస్తుండగా వంటింట్లోంచి ఠంగుమని వినిపించింది. నేను లేవలేదు. లేవనక్కర్లేదని తెలిశాక కలిగిన ఆ నిశ్చింత ఇప్పటికీ గుర్తుంది. దానికి గౌను తొడిగి, జుట్టు దువ్వి, తీరిగ్గా వెళ్లి అద్దంలోంచి చూశాను. రవ్వ ముదురు బంగారు రంగుకు తిరిగి ఉంది. అంచుల వెంట ఆపిల్ రసం చిక్కబడి, ఒక్కో బుడగ నెమ్మదిగా ఉబ్బి, పగిలి, పళ్లెం గోడకు ఎర్రటి పాకంలా అంటుకుంటోంది.

అప్పుడే నేను ఊహించని మేలు ఒకటి బయటపడింది. కరెంటు ఆగినా ఓవెన్ వెంటనే చల్లారదు. తలుపు తీయకుండా ఉంచితే లోపలి వేడికి పండు ఇంకా మగ్గుతూనే ఉంటుంది. అందుకని నలభైకి బదులు ముప్పై అయిదు నిమిషాలకే టైమర్ పెట్టడం మొదలుపెట్టాను. ఆగిన తర్వాత ఇరవై నిమిషాలు అలాగే వదిలేస్తే ఆపిల్ ముక్కలు మెత్తబడతాయి కానీ చిదిమినట్టు కావు. భోజనాలు పూర్తయ్యే వేళకు వడ్డించేందుకు సరిపడా గోరువెచ్చగా ఉంటాయి. బేరిపళ్లకైతే ఈ పద్ధతి మరీ బాగా కుదిరింది. మొదటి రెండేళ్లు ఎవరడిగినా ‘ఈ టైమర్ ఉంటే చాలు, కళ్లు మూసుకుని కొనండి’ అని చెప్పేదాన్ని.

మూడో శరత్తులో అక్కా బావగారూ వస్తున్నారని గుమ్మడికాయ టార్ట్ మొదలుపెట్టాను. టార్ట్ అంటే పళ్లెంలో పరిచిన పిండి రొట్టెలో తీపి మిశ్రమం నింపి కాల్చేది. గుమ్మడికాయను ముందురోజు రాత్రే ముక్కలుగా కాల్చి, గుజ్జు తీసి, నీరు ఓడిపోయేలా గుడ్డలో వేలాడదీశాను. పిండి రొట్టెలా ఒత్తి పళ్లెంలో పరిచి ఫ్రిజ్‌లో పెట్టాను. గుజ్జు, గుడ్లు, మీగడ, అల్లం పొడి, దాల్చినచెక్క కలిపి పోశాను. మొదట ఎక్కువ వేడి, తర్వాత 175 డిగ్రీలకు తగ్గింపు, మొత్తం యాభై నిమిషాలు. టైమర్ తిప్పాను. ఆ రోజు సెలవే అయినా ఆఫీసు నుంచి తప్పించుకోలేని ఫోను ఒకటి వచ్చింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్లాను. టైమర్ ఉంది కదా అన్న ధీమా.

ఫోను మధ్యలో ఏదో వాసన వచ్చింది. మాడు వాసన కాదు, దాల్చినచెక్క చేదెక్కినప్పుడు వచ్చే వాసన. అక్క తలుపు తట్టి, ‘నువ్వు ఓవెన్‌లో పెట్టి ఎంతసేపైందే?’ అని అడిగింది. గడియారం చూస్తే గంటా పాతిక నిమిషాలు. వంటింట్లోకి పరుగెత్తాను. టైమర్ మీట ఇరవై దగ్గర నిలబడి ఉంది. టిక్ టిక్ శబ్దం లేదు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

తీసి చూస్తే టార్ట్ మధ్యనుంచి అంచు వరకూ బీటవారింది. బీట లోపల చిన్న చిన్న నీటి చుక్కలు. గుడ్డు కలిసిన మిశ్రమం 80 డిగ్రీల చుట్టుపక్కల గట్టిపడుతుంది. ఆ తర్వాత కూడా వేడి ఎక్కుతూ పోతే బిగుసుకుని నీరు వదిలేస్తుంది. మధ్యభాగం ఇంకా కొంచెం ఊగుతుండగానే బయటికి తీయాలని ఎంత తెలిసినా, తీసే మనిషి దగ్గర లేకపోతే ఏం లాభం? అంచుల పిండి బొగ్గులా ఉంది. రెండు రోజుల పని. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను. అక్క మాత్రం చెంచా తీసుకుని నడిమి భాగాన్ని తవ్వి రుచి చూసి, ‘మధ్యలో బాగానే ఉంది, గిన్నెల్లోకి తీద్దాం, మీగడ గిలక్కొట్టు’ అంది. అలాగే చేశాం. పిల్లలు ఇష్టంగానే తిన్నారు. కానీ నేను చేయాలనుకున్నది అది కాదు.

బాగుచేసే అతను వెనక రేకు విప్పి చూపించాడు. మీట కాడ చుట్టూ ఉన్న సన్నటి సందులోంచి ఏళ్ల తరబడి మైదా పొడి, వెన్న ఆవిరి లోపలికి చేరి స్ప్రింగు దగ్గర జిగురులా పేరుకుపోయాయి. టైమర్ ఆగిపోతే కరెంటు కూడా ఆగాలి కదా అని నా వాదన. ఇది గడియారంలా తిరుగుతూ సున్నాకు వచ్చినప్పుడే లింకు తెగుతుందట. దారిలో ఇరుక్కుంటే లింకు అలాగే ఉంటుంది. అంటే దాన్ని ఏ భరోసాతో వాడుతున్నానో ఆ భరోసాకే వెనక దన్ను లేదు. ఆ సందును శుభ్రం చేసుకోవాలని వాడకం పుస్తకంలో ఒక్క వాక్యం కూడా లేదు. వారంటీ అప్పటికి రెండు నెలల కిందటే ముగిసింది. ఆ సంస్థ మీద నాకున్న కోపం ఈ ఒక్క విషయంలోనే. టైమర్ భాగం మార్పించేందుకు తొమ్మిది రోజులు పట్టింది, అదీ ఆపిల్స్ మంచి రుచి మీదున్న తొమ్మిది రోజులు.

అతను వెళ్తూ ‘వేడి కూడా ఒకసారి చూసుకోండమ్మా’ అన్నాడు. ఎలా చూడాలో నాకు తెలిసిన పద్ధతి చక్కెరతో. మామూలు చక్కెర 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రేకు మీద ఒక చెంచా పోసి, వేడి మీటను 175 దగ్గర పెట్టి పావుగంట ఉంచితే కరగకూడదు. నాది అంచుల నుంచి కరిగి గాజులా మెరిసింది. ఓవెన్‌లో పెట్టే చిన్న థర్మామీటర్ తెచ్చి చూస్తే మీట మీద ఉన్నదానికంటే ఇరవై డిగ్రీలు ఎక్కువగా ఉంది. అంటే మొదటి ఏడాది నేను మురిసిపోయిన ఆ ముదురు బంగారు రంగులో కొంత వాటా ఈ లోపానిదే. ఇప్పుడు మీటను ఇరవై డిగ్రీలు తగ్గించి పెడుతున్నాను. అదే రంగు రావాలంటే ఇంకో ఏడెనిమిది నిమిషాలు కావాలి.

అప్పటినుంచి ఈ టైమర్‌ను మరింత నిశితంగా గమనిస్తున్నాను. నేరుగా పది నిమిషాలకు తిప్పితే సరిగా నడవదు. స్ప్రింగు బిగుసుకునేలా ఇరవై దాటించి, మళ్లీ పదికి వెనక్కి తేవాలి. గరిష్ఠంగా అరవై నిమిషాలే ఉంటుంది కాబట్టి, పైన కూడా పిండి మూత వేసిన పెద్ద ఆపిల్ టార్ట్‌కు మధ్యలో ఒకసారి వచ్చి తిప్పక తప్పదు. ఆగాక మిగిలే వేడి క్రంబుల్‌కు వరమే కానీ బిస్కెట్లకు శాపం. గంట మోగాక అయిదు నిమిషాలు ఆలస్యమైతే అడుగు మాడుతుంది. గుడ్లు, మీగడ కలిసిన ఏ వంటకైనా అంతే. అందుకే అలాంటివి ఇప్పుడు ఇంట్లో నిలకడగా ఉండే ఆదివారాలకు మాత్రమే పెట్టుకుంటాను.

వారం మధ్యలో నా చేతికి కుదిరినవి వేరే ఉన్నాయి. గుమ్మడికాయ రొట్టె, బెల్లపు పాకం పోసిన అల్లం కేకు. ఇవి వండిన రోజుకంటే మర్నాడే రుచిగా ఉంటాయి, మసాలా పొడులు లోపలికి ఇంకుతాయి. రాత్రి తొమ్మిదింటికి పెట్టి, గంట మోగాక తీసి, చల్లారాక మూతపెట్టి పడుకుంటే మర్నాటి సాయంత్రానికి సిద్ధం. రెండు దశల్లో పొంగే బేకింగ్ పౌడర్ వాడితే కలిపిన పిండి కాసేపు ఆగుతుంది, మధ్యలో ఫోను వచ్చినా కంగారు అక్కర్లేదు. ఒట్టి వంటసోడా వేసిన పిండి అలా ఆగదు. పుల్లటి పదార్థం తగిలిన క్షణం నుంచే గాలి వదిలేస్తుంది కాబట్టి వెంటనే ఓవెన్‌లోకి వెళ్లాలి. ఆపిల్స్‌లో గ్రానీ స్మిత్ లాంటి పుల్లటి, గట్టి రకమైతే టైమర్ కాస్త అటూ ఇటూ అయినా ముక్క నిలుస్తుంది. మెత్తటి రకాలు గుజ్జయిపోతాయి. ఇంకొక్కటి, ఫ్రీజర్‌లోంచి తీసిన గాజు పళ్లేన్ని వేడి ఓవెన్‌లో నేరుగా పెట్టకండి, పగలవచ్చు. ఫ్రీజర్‌లో పెట్టేవాటికి నేను రేకు పళ్లేలే వాడతాను.

మరి కొనమంటానా అంటే, నాలాంటి సాయంత్రాలు ఉన్నవాళ్లయితే కొనమనే అంటాను. నలుగురుండే ఇల్లు, వారానికి రెండు సార్ల బేకింగ్, ఎక్కువగా పండ్లతో చేసేవి, వండుతూ పక్కనే నిలబడే తీరిక లేకపోవడం. ఇవన్నీ కలిస్తే ఈ మీట విలువ తెలుస్తుంది. రోజంతా ఇంట్లో ఉండి చేసుకునేవాళ్లకు, ఒకేసారి రెండు ట్రేల బిస్కెట్లు కాల్చేవాళ్లకు దీనిలో ప్రత్యేకమైనదేమీ కనిపించకపోవచ్చు. కస్టర్డ్ టార్ట్‌ల మీద మక్కువ ఉన్నవాళ్లు సరైన వేడి చూపించే ఓవెన్‌ను ముందు వెతుక్కోవాలి, టైమర్ తర్వాతి మాట.

ఇప్పుడు నెలకొకసారి తడిగుడ్డ చుట్టిన పుల్లతో మీట కాడ చుట్టూ తుడుస్తున్నాను. టైమర్ తిప్పాక ఫోనులో కూడా అలారం పెడుతున్నాను, ఓవెన్ గంట కొట్టాల్సిన సమయం దాటిన అయిదు నిమిషాలకు మోగేలా. ఈ ఏడాది ఇప్పటివరకూ పదకొండు క్రంబుల్స్ అయ్యాయి. పదకొండు సార్లూ అలారం కంటే ముందు గంటే మోగింది. అలారం మోగినప్పుడు పాప ‘అది అప్పుడే అయిపోయిందిగా’ అని తనే వెళ్లి ఆపేస్తోంది.