మొదటి పాముకి ‘అన్నీ ఉన్న కిట్’ కొంటున్నారా? హీటర్ వైరుకి ప్రోబ్ ఉందో లేదో ముందు చూసుకోండి

కొత్తగా పామును పెంచుకోబోయేవాళ్ల కోసమంటూ ఆన్‌లైన్‌లో ఒక కిట్ అమ్ముతున్నారు. గాజు ట్యాంకు, జాలీ మూత, హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలచటి పట్టా), ‘టెంపరేచర్ కంట్రోలర్’, గోడకి అంటించే డయల్ థర్మామీటరు, ఒక హైడ్ (పాము దాక్కునే గూడు), నీళ్ల గిన్నె, కింద పరవడానికి చెక్క పొట్టు, అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. నేను అలాంటిదే ఒకటి తెప్పించాను. పాము ఇంటికి రాకముందే ఖాళీ ట్యాంకుని ఆన్ చేసి కొలిచి చూశాను కాబట్టి బతికిపోయాం. మ్యాట్ ఉన్న చోట గాజు వేడి 50 డిగ్రీల సెల్సియస్ దాటింది. లోపల కార్న్ స్నేక్ (కొత్తవాళ్లు ఎక్కువగా పెంచుకునే విషం లేని పాము) పిల్ల ఉండి ఉంటే పొట్ట కాలిపోయేది.

అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. డబ్బు గొడవ ఇంకా తేలలేదు, పైగా ఇదే సరుకు రకరకాల పేర్లతో చాలామంది దగ్గర కనిపిస్తోంది. పెట్టె మీద ఏ పేరున్నా, లోపల ఏముందో చూసుకోవడం తెలిస్తే మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

అసలు మోసమంతా ఆ ‘కంట్రోలర్’లోనే ఉంది. వైరు మధ్యలో చిన్న ప్లాస్టిక్ డబ్బా, దాని మీద తిప్పే గుండీ, పక్కన తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని గుర్తులు. డిగ్రీలు ఎక్కడా లేవు. అది థర్మోస్టాట్ కాదండీ, ఉత్త డిమ్మరు. ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిదన్నమాట: మీరు ఎంత తిప్పితే అంత కరెంటు పంపుతుంది, గదిలో వేడిగా ఉందా చల్లగా ఉందా అన్నది దానికి పట్టదు. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు సరిపోయేలా పెడితే మధ్యాహ్నానికి ట్యాంకు నేల పెనంలా మారుతుంది. మధ్యాహ్నం చూసి తగ్గిస్తే రాత్రికి పాము చల్లబడిపోతుంది. థర్మోస్టాట్ అంటే సన్నటి వైరు చివర ఒక సెన్సర్ ఉండాలి, దాన్నే ప్రోబ్ అంటారు. ఆ ప్రోబ్ చూపించే వేడిని బట్టి థర్మోస్టాట్, మనం పెట్టిన డిగ్రీలు రాగానే హీటర్‌ని ఆపుతుంది, తగ్గగానే మళ్లీ వేస్తుంది. కొనే ముందు ఫొటోలు పెద్దవి చేసి చూడండి. ప్రోబ్ వైరు కనిపించకపోతే, వివరాల్లో ‘కంట్రోల్’ అని ఎన్నిసార్లు రాసున్నా అది థర్మోస్టాట్ కాదనే లెక్క.

మ్యాట్ సంగతీ అంతే. దాని మీద ఎన్ని వాట్లో రాయలేదు. విద్యుత్ భద్రతకి సంబంధించిన గుర్తు ఒక్కటీ లేదు. ట్యాంకు అడుగున అంటించమని కాగితంలో ఉంది గానీ, ట్యాంకుకి కింద కాళ్లు లేవు, అడుగుభాగం బల్లకి పూర్తిగా ఆనుకుంటుంది. అడుగున గాలి ఆడే సందు లేకపోతే వేడి అక్కడే పేరుకుంటుంది. గాజు పగలొచ్చు, బల్ల మాడొచ్చు. మంచి మ్యాట్‌తో పాటు చిన్న రబ్బరు కాళ్లు ఇచ్చేది అందుకే. పైగా ఆ కాగితంలో పొట్టుని మందంగా పరవమన్నారు. పైన మందంగా పొట్టు ఉంటే వేడి పైకి రాదు, కింద గాజు మాత్రం ఇంకా కాలుతుంది. పాము ఆ పొట్టులో దూరి తిన్నగా గాజు మీదికే వెళ్లి పడుకుంటుంది. కార్న్ స్నేక్‌కి నేల తవ్వుకుని దూరడమంటే మహా ఇష్టం కదా.

అమ్మినవాళ్లకి రాస్తే వచ్చిన జవాబు: ‘వేడి ఎక్కువైతే పాము దానంతటదే పక్కకి జరుగుతుంది, కంగారు పడకండి.’ కొత్తవాళ్లు నమ్మేసే మాట ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పాములకి అయ్యే కాలిన గాయాల్లో చాలావరకు ఈ హీట్ మ్యాట్‌లు, హీట్ రాక్‌లు (లోపల హీటరున్న కృత్రిమ రాళ్లు), కంచె లేని బల్బుల వల్లే అవుతాయి. జరిగిపోయేట్టయితే ఇన్ని పాములు ఎందుకు కాలుతున్నాయి? దాని ఒంట్లో వేడి పుట్టదు, బయటి నుంచే తెచ్చుకోవాలి. చుట్టూ గాలి చల్లగా ఉండి, కింద ఒక్క చోటే వేడి ఉంటే పాము ఆ చోటుని వదలదు. పొట్ట కింద కాలుతున్నా పైభాగానికి ఇంకా వేడి చాలకపోవచ్చు. తిన్న తరవాత అరగడానికి వేడి కావాలి కాబట్టి అప్పుడు అసలే కదలదు.

ఇక ఈ కిట్‌లో ఇచ్చింది ఒకే ఒక్క హైడ్. దాన్ని ఎక్కడ పెట్టాలో బొమ్మ గీసి మరీ చూపించారు, సరిగ్గా మ్యాట్ మీద! పాముకి భయం లేకుండా దాక్కోవడం ఎంత ముఖ్యమంటే, దాని కోసం సరిపడని వేడిని కూడా ఓర్చుకుంటుంది. చల్లటి వైపు దాక్కునే చోటు లేకపోతే అక్కడికి వెళ్లదు. అంటే ఈ కిట్‌ని కాగితంలో రాసినట్టు తు.చ. తప్పకుండా అమరిస్తే, పాము భద్రంగా ఉన్నాననుకునే ఏకైక చోటు, అతి ప్రమాదకరమైన చోటు రెండూ ఒకటే. నాకు అన్నిటికన్నా ఒళ్లు మండింది ఇక్కడే. హీటరు నాసిరకంది పెట్టారంటే ఖర్చు మిగుల్చుకున్నారనుకోవచ్చు. ఆ బొమ్మ గీసినవాళ్లు మాత్రం పాముని ఎప్పుడూ పెంచి ఉండరు.

కార్న్ స్నేక్‌కి వేడి వైపు నేల మీద 29 నుంచి 32 డిగ్రీలు, చల్లటి వైపు 22 నుంచి 25 డిగ్రీలు ఉండాలి. రెండు వైపులా ఒకేలాంటి ఇరుకైన హైడ్‌లు ఉండాలి, లోపల చుట్ట చుట్టుకుంటే ఒళ్లు గోడలకి తగిలేంత ఇరుకుగా. ఈ అంకెల పక్కన 50 పెట్టి చూసుకోండి.

మరి డయల్ థర్మామీటరు ఏం చూపించింది? 28. దాని తప్పు కూడా కాదు పాపం, అది గోడకి అంటుకుని అక్కడి గాలిని కొలుస్తోంది. పాము పడుకునేది నేల మీద. నేలని కొలవాలంటే ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటరు గానీ, దూరం నుంచి గురిపెట్టి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ గానీ కావాలి. నేను గన్‌తో కొలిచాను కాబట్టే దొరికింది. డయల్‌ని నమ్ముకుంటే అంతా బ్రహ్మాండంగా ఉందనుకునేవాణ్ణి.

ఆ డయల్‌ని రెండు వైపులా జిగురున్న టేపుతో ట్యాంకు లోపల అంటించమన్నారు. దయచేసి లోపల ఏ టేపూ వాడకండి. తేమకి అది ఊడుతుంది, ఊడిన టేపు పాముకి అతుక్కుంటుంది, విడిపించుకోబోయి ఇంకా చుట్టుకుంటుంది. పీకితే పొలుసులు చర్మంతో సహా వస్తాయి. ఎవరికైనా అలా జరిగితే లాగొద్దు, వంటనూనె రాసి జిగురు వదిలేదాకా నెమ్మదిగా తియ్యాలి, చేతకాకపోతే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

మూత గురించి క్లుప్తంగా: రెండు పక్కలా ప్లాస్టిక్ క్లిప్పులున్నాయి, వేలితో కిందినుంచి నెడితే మూల లేస్తోంది. కార్న్ స్నేక్ పిల్ల పెన్సిలంత లావుంటుంది. తల దూరిన సందులో ఒళ్లంతా దూరుతుంది. రాత్రంతా మూలమూలా మూతితో తోసి చూడటమే దాని పని, మీరు నిద్రలో ఉంటారు.

చెక్క పొట్టు సంచీ విప్పగానే ఘాటు వాసన. ఏ చెట్టుదో రాయలేదు. దేవదారు జాతి, పైన్ లాంటి వాసనొచ్చే చెక్కల్లోని నూనెలు పాముల ఊపిరితిత్తులకి మంచివి కావు, దేవదారు అయితే విషమనే చెప్పాలి. వాసన లేని ఆస్పెన్ చెట్టు పొట్టు కార్న్ స్నేక్‌కి సరిపోతుంది. నేను ఆ సంచీని అలాగే బయట పారేశాను.

ట్యాంకు ‘పాము జీవితాంతం సరిపోతుంది’ అట. పొడవు మూరెడు. పిల్లకి చిన్న ట్యాంకు తప్పేం కాదు, దాక్కునే చోట్లు బాగా ఉంటే హాయిగానే ఉంటుంది. కానీ కార్న్ స్నేక్ ఎదిగితే 120 నుంచి 150 సెంటీమీటర్లు అవుతుంది, 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. ఎదిగినదానికి కనీసం 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఎన్‌క్లోజర్ కావాలి. కాబట్టి ‘ఒక్కసారి కొంటే చాలు’ అన్న లెక్కతో ఈ ధర పెడుతుంటే ఆ లెక్క తప్పు. ఇదే కిట్‌ని ఇదే ఫొటోలతో బాల్ పైథాన్‌కి (ఒక చిన్న కొండచిలువ), లెపర్డ్ గెక్కోకి (ఒక రకం బల్లి) కూడా అమ్ముతున్నారని తరవాత చూశాను. బాల్ పైథాన్‌కి కార్న్ స్నేక్ కన్నా ఎక్కువ తేమ కావాలి. పైన మొత్తం జాలీ మూత పెడితే తేమ నిలవదు, కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, కళ్ల మీది పొర అలాగే ఉండిపోతుంది. ఒకే పెట్టె మూడు జంతువులకీ సరిపోతుందన్నారంటే ఏ ఒక్కదానికీ సరిపోదనే అర్థం.

ఇన్ని లోపాలుంటే మంచి రివ్యూలు ఎలా వచ్చాయి అంటారా? వాటిని మళ్లీ కూర్చుని చదివాను. దాదాపు అన్నీ పార్సిల్ అందిన వెంటనే రాసినవే. ‘ప్యాకింగ్ బాగుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంది, పాము వచ్చేవారం వస్తోంది’ అని. పాము అందులో ఒక్క రాత్రి కూడా పడుకోకముందు ఇచ్చిన నక్షత్రాలవి. కొన్ని నెలలు వాడాక రాసినవి వెతికితే చాలా తక్కువ, వాటిలో రెండు మూడు ‘మ్యాట్ బాగా వేడెక్కుతోంది’ అనే ఉన్నాయి. ఏ కిట్ కొన్నా ముందు పాత రివ్యూలు, తక్కువ నక్షత్రాలవి చదవండి.

వాపసు అడిగితే పెట్టె విప్పారు కాబట్టి కుదరదన్నారు. విప్పకుండా హీటరు ఎలా పరీక్షిస్తారో వాళ్లకే తెలియాలి. తరవాత నేను పెట్టిన రివ్యూ తీసేస్తే కొంత డబ్బు తిరిగిస్తామన్నారు. తియ్యనన్నాను. కొలిచేటప్పుడు తీసిన ఫొటోలు, వీడియో, వాళ్ల చాట్, అన్నీ దాచిపెట్టి డబ్బు కట్టిన చోటే ఫిర్యాదు చేశాను. మీకూ ఇలాంటిది ఎదురైతే గన్ మీది అంకె, మ్యాట్, డిమ్మరు గుండీ మూడూ ఒకే ఫొటోలో పడేలా తీసుకోండి, తరవాత ‘అది మా సరుకు కాదు’ అనడానికి వీలుండదు.

ఇప్పుడు నేను విడివిడిగా కొన్నాను. ముందు థర్మోస్టాట్ కొని, దానికి తగిన హీటర్‌ని తరవాత ఎంచుకున్నాను. మ్యాట్‌కి మామూలుగా ఆన్, ఆఫ్ అయ్యే థర్మోస్టాట్ చాలు. వెలుగిచ్చే బల్బులకి అయితే డిమ్మింగ్ థర్మోస్టాట్ (ప్రోబ్ చూపే వేడిని బట్టి కరెంటుని నెమ్మదిగా తగ్గించి పెంచేది) కావాలి, లేకపోతే బల్బు ఆరుతూ వెలుగుతూ పాముని చికాకు పెడుతుంది, త్వరగా మాడిపోతుంది కూడా. బల్బు, సిరామిక్ హీటరు (వెలుగు లేకుండా వేడినిచ్చేది) ఏదైనా ట్యాంకు లోపల పెడితే చుట్టూ తీగ కంచె తప్పనిసరి, పాము దాన్ని చుట్టుకుంటుంది. ప్రోబ్‌ని ట్యాంకు బయట, మ్యాట్‌కీ గాజుకీ మధ్య బిగించాను. వదులుగా లోపల పడేస్తే పాము దాన్ని చల్లటి మూలకి నెట్టేస్తుంది, థర్మోస్టాట్ ఇంకా వేడెక్కలేదనుకుని హీటర్‌ని ఆపకుండా నడిపిస్తుంది. ప్రోబ్ జారితే మంచి థర్మోస్టాట్ కూడా ఈ డిమ్మరు కన్నా మెరుగేం కాదు. అందుకే లోపల నేల మీద విడిగా ఇంకో డిజిటల్ థర్మామీటరు ఉంది, రోజూ చూసేది దాన్నే. పాముని తేకముందు పగలు, రాత్రి అంతా నడిపి, రెండు వైపులా అంకెలు నిలకడగా ఉన్నాయని రాసిపెట్టుకున్నాకే తెచ్చాను.

ఇప్పటికే ఇలాంటి కిట్‌లో పాము ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే: మ్యాట్ ప్లగ్గు ఇప్పుడే తీసెయ్యండి. గది 22, 24 డిగ్రీల దగ్గర ఉంటే కార్న్ స్నేక్‌కి కొన్ని రోజులు హీటరు లేకపోయినా ఏమీ కాదు, థర్మోస్టాట్ వచ్చేదాకా మేత మాత్రం పెట్టకండి, చల్లగా ఉంటే అరగక కక్కేస్తుంది. బాల్ పైథాన్‌కి అంత చల్లదనం పడదు, గదినే కాస్త వెచ్చగా ఉంచాలి. పాముని మెల్లగా ఎత్తి పొట్ట వైపు చూడండి. పొలుసులు ఎర్రగా, గోధుమరంగులో కమిలినట్టు ఉన్నా, నీటి పొక్కులున్నా, తడిగా జిగటగా ఉన్నా అది కాలిన గాయమే. పైపూతలేవీ రాయకుండా, పొట్టు తీసేసి శుభ్రమైన తెల్ల కాగితపు టవల్ పరిచి, సరీసృపాలకి వైద్యం చేసే పశువైద్యుడి దగ్గరికి ఆ రోజే తీసుకెళ్లండి. మొదట చిన్న మచ్చలా ఉన్నది కూడా కొన్ని రోజులకి లోతుగా ఉన్నట్టు బయటపడుతుంది.